ఇబ్నున్నఫీస్ - ఊపిరితిత్తుల రక్తప్రసరణ

గుండె కుడి గదిలోని రక్తం ఎడమ గదికి ఎలా చేరుతుంది? క్రీ.శ. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు జాలీనూస్ (గాలెన్) దీనికొక సమాధానం చెప్పాడు. రెండు గదుల నడిమి గోడలో కంటికి కానరాని రంధ్రాలున్నాయనీ, రక్తం వాటిగుండా ఎడమవైపునకు స్రవిస్తుందనీ ఆయన భావించాడు. ఇబ్నె సీనా అంతటివాడు సైతం గదుల మధ్య మార్గమున్నదని 'అల్ ఖానూన్'లో అంగీకరించాడు.

ఈ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చినవాడు అలాఉద్దీన్ ఇబ్నున్నఫీస్. డమాస్కస్‌లో వైద్యం అభ్యసించి కైరోలో స్థిరపడిన ఈయన షాఫయీ ఫిఖహ్ పండితుడు కూడా. మస్రూరియా మదరసాలో బోధించాడు. హిజ్రీ 640 (క్రీ.శ. 1242) నాటికే ఇబ్నె సీనా శరీరశాస్త్ర భాగాలకు 'షర్హు తష్రీహిల్ ఖానూన్' అనే వ్యాఖ్యానం రచించాడు. నడిమి గోడ దట్టమైనది, అందులో కనిపించే రంధ్రాలు గానీ, కనిపించని రంధ్రాలు గానీ లేవు అన్నది ఆయన నిర్ణయం. కుడి గది నుండి రక్తం ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, మరో నాళం ద్వారా ఎడమ గదికి చేరుతుందని వివరించాడు. ఆ రెండు నాళాల నడుమ ఇంద్రియగోచరమైన మార్గాలున్నాయన్నాడు. గుండెకు పోషణ దాని కండలో వ్యాపించిన నాళాల ద్వారానే లభిస్తుందని కూడా గుర్తించాడు.

షరీయత్ నిషేధం, తన సహజ కరుణ కారణంగా శవపరిచ్ఛేదన చేయలేదని ఆయన పీఠికలో చెప్పుకొన్నాడు. అయితే పూర్వుల మాట తప్పని పరిచ్ఛేదనమే రుజువు చేస్తున్నదని అదే గ్రంథంలో అంటాడు. ఈ రెంటికీ పొంతన ఎలా అన్నది నేటికీ పరిశోధకుల నడుమ చర్చనీయాంశమే.

ఐరోపాలో ఈ విషయాన్నే 1553లో సెర్వెటస్, 1559లో కొలంబో ప్రకటించారు. వారు ఇబ్నున్నఫీస్ నుండి గ్రహించారా? ఆయన వ్యాఖ్యానంలో కొంత భాగం అల్పాగో లాటిన్ అనువాదంగా 1547లో వెనిస్‌లో వెలువడిన మాట నిజమే. కాని అది ఔషధాలకు సంబంధించిన భాగం. కనుక ఈ వాదానికి తిరుగులేని ఆధారం లేదు.

హద్దులు మరువరాదు. దేహమంతటా రక్తం తిరిగి తిరిగి ప్రవహిస్తుందని ప్రయోగాలతో నిరూపించినవాడు హార్వే (1628). ఊపిరితిత్తులలోని కేశనాళికలను సూక్ష్మదర్శినితో చూచినవాడు మాల్పీగీ (1661). ఇబ్నున్నఫీస్ చెప్పినది గుండెకూ ఊపిరితిత్తులకూ నడుమ జరిగే ప్రసరణ మాత్రమే. ఆ మేరకు ఆయన సెర్వెటస్ కంటే మూడు శతాబ్దాలు ముందున్నాడు.

ఆయన 1288లో మరణించాడు. తన ఇంటినీ, గ్రంథాలనూ కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి వక్ఫ్ చేశాడు. కాని ఆ వ్యాఖ్యానంలోని ఈ సత్యం ఆధునిక ప్రపంచానికి తెలిసింది 1924లో. ఈజిప్టు వైద్యుడు ముహియుద్దీన్ తతావీ బెర్లిన్ గ్రంథాలయంలోని వ్రాతప్రతిని పరిశీలించి, జర్మనీలో తన సిద్ధాంత వ్యాసంలో దానిని వెల్లడించాడు. ఇబ్నె సీనాకు వ్యాఖ్యానం అనే పేరు చూచి ప్రక్కనబెట్టిన అరబీ గ్రంథాలను ఆసాంతం చదువవలసిన అవసరాన్ని ఈ ఒక్క ఉదంతమే చాటుతున్నది.