దుప్పి వేటలో తూటా: పాలమూరు, నల్లగొండ సీమ

పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఏ తూటా పనికొస్తుందో తేల్చింది జంతువు బరువు, అది తిరిగే నేల. అమ్రాబాద్ గుట్టల అడవిలో కణుజు, చుక్కల దుప్పి చెట్ల చాటున దగ్గరగా ఎదురవుతాయి. మక్తల్ వైపు కృష్ణా తీరపు మైదానంలో కృష్ణజింక దూరం నుంచే మనిషిని పసిగడుతుంది. నలభై కిలోల జింకకూ, రెండు వందల కిలోలు దాటే మగ కణుజుకూ ఒకే తూటా సరిపోదు.

నల్లమల చెంచులది విల్లంబుల వేట. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథంలో వారి జీవనాన్ని వివరంగా నమోదు చేశాడు. బాణం దిగాలంటే మృగానికి బాగా చేరువ కావాలి కనుక, జాడ పట్టడమే అక్కడ అసలు విద్య. మూతి నుంచి మందు దట్టించే తుపాకితో సీసం గుండు వచ్చింది. దగ్గరలో దాని దెబ్బ బలమైనదే గాని దూరం పోయేకొద్దీ వేగం తగ్గి కిందికి వాలేది.

1890లో పాలమూరు ఎవరి పేరుతో మహబూబ్‌నగర్ అయిందో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుమోసిన వేటగాడు. ఆయన కాలంలోనే తూటా రూపం పూర్తిగా మారింది. ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లలో మందు ఎక్కువ, తూటా తేలిక, దాని ముక్కు బోలు. జింకకు అది చాలు. కణుజు జబ్బ ఎముకకు తగిలితే మాత్రం లోపలికి దిగకముందే చితికిపోయేది. తర్వాత పొగరాని మందు వచ్చి వేగం పెరగడంతో సీసానికి గట్టి లోహపు తొడుగు వేయక తప్పలేదు. నిండా తొడుగున్న తూటా సన్నని రంధ్రం చేసి అవతలికి దూసుకుపోతుంది. గాయపడ్డ దుప్పి ఏ పొదలోనో గంటల తరబడి నరకం అనుభవిస్తుంది. ముక్కు దగ్గర సీసం బయటికి వదిలిన తూటా ఒంట్లో పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. యుద్ధంలో మనుషులపై ఇలాంటి తూటాలు వాడరాదని 1899లో హేగ్ సమావేశం ప్రకటించింది. వేటలో మాత్రం జంతువు యాతనను తగ్గించేది ఆ గుణమే.

సైన్యపు .303 బోరు పౌరులకు నిషిద్ధం. అందుకే స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ కర్మాగారపు .315 రైఫిల్‌కు ఆదరణ దొరికింది. దాని బరువైన మెత్తని ముక్కు తూటా జబ్బ వెనక, గుండె చోటున తగిలితే దుప్పి ఎక్కువ దూరం పోదు. పన్నెండు బోరు తుపాకిలో ఎల్‌జీ అనే పెద్ద గుళ్లు పోసి దూరం నుంచి కాల్చడం ఘోరం. గుళ్లు చెదిరి, చంపినవాటి కన్నా గాయపరిచినవే ఎక్కువయ్యేవి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఈ వేటకు కళ్లెం పడింది. కృష్ణజింకను అందులో మొదటి షెడ్యూలులో చేర్చారు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పేరుతో కొనసాగుతోంది. తుపాకి మోత తగ్గినా ఉచ్చులూ, దొంగచాటుగా కరెంటు పెట్టిన తీగలూ దుప్పుల ప్రాణం తీస్తూనే ఉన్నాయి.