మంత్రి బంటు ఎర

చదరంగము భారతదేశమున పుట్టిన ఆట. క్రీస్తు శకము 6వ శతాబ్ది నాటికి చతురంగమను పేర ఈ దేశమున వెలసి, పారసీకులకును, అరబ్బులకును, వారి మూలమున ఐరోపా ఖండమునకును చేరెను. రాజు ప్రక్కన నిలుచు పావును మనము నేటికిని మంత్రి యనియే పిలుచుచున్నాము. ఐరోపావారు దానిని రాణిగ మార్చిరి. పూర్వము ఆ మంత్రి మిక్కిలి బలహీనుడు; ఏటవాలుగ ఒక్క గడి మాత్రమే కదలగలవాడు. 15వ శతాబ్ది చివరి పాదమున ఐరోపాలో ఆ పావునకు అన్ని దిక్కులకును ఎంత దూరమైనను పోవు శక్తి కలిగెను. దానితో ఆటకు వేగము వచ్చి, తొలి ఎత్తులకు మునుపెన్నడును లేని ప్రాముఖ్యము సిద్ధించెను.

ఆ మార్పు జరిగిన కొలది కాలమునకే 'మంత్రి బంటు ఎర' అనదగిన ఆరంభము పుట్టినది. జర్మనీలోని గట్టింగెన్ విశ్వవిద్యాలయమున భద్రపరచిన ఆనాటి లాటిను వ్రాతప్రతిలో ఇది కానవచ్చుచున్నది. ఐరోపావారు దీనిని 'క్వీన్స్ గాంబిట్' అందురు. గాంబిట్ అను పదము, కాలు అడ్డుపెట్టి పడవేయుట అను అర్థముగల ఇటాలియను మాట నుండి వచ్చినది. స్పెయిను దేశపు మతాచార్యుడు రూయ్ లోపెజ్ 1561లో తన గ్రంథమున దానిని చదరంగమునకు వాడెను.

ఎత్తు విధము సులభము. తెల్లవాడు మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు నడుపును. నల్లవాడును అట్లే నడుపును. అంతట తెల్లవాడు మంత్రి ప్రక్కనున్న శకటము ముందరి బంటును రెండు గళ్ళు జరిపి, నల్ల బంటునకు చిక్కునట్లు నిలుపును. చూచువారికిది వృథా నష్టముగ తోచును. కాని దానిని చంపవలెనన్న నల్ల బంటు నడిమి గడిని విడిచి ప్రక్కకు పోవలయును. పోనీ, దక్కిన లాభమును కాపాడుకొందమని నల్లవాడు ప్రక్క బంట్లను దానికి అండగ నిలిపినచో, తెల్లవాడు తన ఏనుగు ముందరి బంటుతో ఆ కట్టును విడదీయును. పిమ్మట తెల్ల మంత్రి వెలికివచ్చి, మూలనున్న నల్ల ఏనుగుపై గురిపెట్టును. దానిని కాచుటకు గుర్రమునో శకటమునో బలియీయవలసి వచ్చును. ఒక బంటునకై పేరాశపడినవాడు పెద్ద బలమునే పోగొట్టుకొనును.

సిరియా దేశపు అలెప్పో నగరవాసి ఫిలిప్ స్టమ్మా 1737లో పారిసునందు ప్రచురించిన గ్రంథము మూలమున దీనికి 'అలెప్పో గాంబిట్' అను పేరును కలిగెను. 1927లో బ్యూనస్ ఎయిర్స్ నగరమున కాపాబ్లాంకా, అలెఖైన్ ప్రపంచాధిపత్యమునకై ఆడిన 34 ఆటలలో 32 ఈ మార్గముననే, నల్లవాడు ఎరను నిరాకరించు పద్ధతిని సాగెను. తుదకు అలెఖైన్ గెలిచెను. 1972లో రెయిక్యవిక్ నగరమున 6వ ఆటయందు, అంతవరకు దాదాపు ఎల్లప్పుడు రాజు బంటునే ముందు నడుపు ఫిషర్ ఈ మార్గమునకు వచ్చి గెలువగా, ఓడిన స్పాస్కీయే ప్రేక్షకులతో కలిసి చప్పట్లు కొట్టెను.

చెన్నైలో తెలుగు కుటుంబమున 2006లో జన్మించిన దొమ్మరాజు గుకేశ్, 2024లో సింగపూరున ప్రపంచాధిపత్యపు పోటీ తొలి ఆటలో ఓడి, 2వ ఆట సమము చేసికొని, 3వ ఆటలో ఈ ఆరంభమునే చేపట్టెను. చైనా దేశీయుడు డింగ్ లిరెన్ ఎరను ముట్టలేదు. అయినను గడియారమున కాలము తీరి ఓడెను. ఆ గెలుపుతో పోటీ సమమయ్యెను. చివరకు 18 ఏండ్ల గుకేశ్ విజేత యయ్యెను. చతురంగము పుట్టిన దేశపు యువకుడు, పరదేశమున పెరిగిన ఎత్తుతో, ఆ పీఠమునకు తొలి మెట్టు ఎక్కెను.