ఇంట్లో చేసే కలుపు మందు: వెనిగర్ ఎంతవరకు పనిచేస్తుంది? ఉప్పు ఎందుకు వద్దు?

శాన్ రామన్‌లో నవంబర్ వానలు మొదలైన రెండు వారాలకే పెరళ్లు పచ్చబడిపోతాయి. చూడటానికి బాగానే ఉంటుంది కానీ, ఆ పచ్చదనంలో చాలావరకు కలుపే. ఫిబ్రవరి వచ్చేసరికి మోకాలెత్తు పెరుగుతుంది. ముందు వాకిలి సంగతి ఏమిటని హెచ్‌ఓఏ వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం కూడా రావచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక చిట్కా తిరగడం మొదలవుతుంది: గాలన్ వెనిగర్, కప్పు ఉప్పు, చెంచాడు డిష్ సోప్. కలిపి కొట్టండి, కలుపు మాయం, పైగా అంతా సహజం.

ఈ చిట్కాలో సగం నిజం ఉంది, సగం ప్రమాదం ఉంది. ఇక్కడ చాలా ఏళ్లుగా కూరగాయలు పండిస్తున్నదాన్ని కాబట్టి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెబుతాను. ఈ మందు కొట్టేది మనం గోంగూర, తోటకూర, బీరపాదు పెంచుకునే మట్టిలోనే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు చెప్పుల్లేకుండా తిరిగేదీ, పిల్లలు ఆడుకునేదీ ఆ పెరట్లోనే.

అసలు ఇంటి మందు వైపు ఎందుకు చూస్తున్నాం?

కారణం గ్లైఫోసేట్ భయం. రౌండప్ పేరుతో దశాబ్దాలుగా అమ్మిన మందు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దీన్ని 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న జాబితాలో చేర్చింది. కాలిఫోర్నియా 2017లో తన ప్రొపొజిషన్ 65 జాబితాలో పెట్టింది. 2018 ఆగస్టులో మనకు దగ్గర్లోని బెనీషియాలో స్కూళ్ల మైదానాలకు మందు కొట్టిన ఉద్యోగి కేసులో, తయారీదారు మోన్‌శాంటో 28.9 కోట్ల డాలర్లు చెల్లించాలని శాన్ ఫ్రాన్సిస్కో జ్యూరీ తీర్పు చెప్పింది. ఆ మొత్తాన్ని తర్వాత కోర్టులు బాగా తగ్గించాయి. మరోవైపు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, లేబుల్ ప్రకారం వాడితే క్యాన్సర్ వచ్చే అవకాశం లేదనే చెబుతూ వచ్చింది. భారత ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో దీని వాడకాన్ని శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లకే పరిమితం చేసింది.

ఒక ముఖ్య విషయం. మోన్‌శాంటోను కొన్న బేయర్ కంపెనీ, 2023 నుంచి అమెరికాలో ఇళ్ల తోటలకు అమ్మే రకాల్లో గ్లైఫోసేట్ బదులు వేరే మందులు వాడతామని ప్రకటించింది. సీసా మీద పేరు మారకపోయినా లోపలి మందు మారి ఉండొచ్చు. ఏది కొన్నా లేబుల్ చదవాల్సిందే.

వెనిగర్ చేసే పని

వంటింటి వెనిగర్‌లో ఎసిటిక్ యాసిడ్ 5 శాతం ఉంటుంది. అది ఆకు మీద పడగానే కణాల పొరను చీల్చి నీరంతా బయటికి లాగేస్తుంది. ఎండలో కొడితే సాయంత్రానికల్లా ఆకు గోధుమ రంగుకు తిరిగి వాడిపోతుంది. అందుకే చాలామంది "అబ్బ, ఎంత బాగా పనిచేసిందో" అనుకుంటారు. కానీ అది తాకిన చోట మాత్రమే కాలుస్తుంది. వేరులోకి దిగదు. వేరులో బలం దాచుకున్న మొక్క రెండు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది.

అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో దీన్ని పరీక్షించి 2002లో ఫలితాలు చెప్పారు. 5 నుంచి 10 శాతం వెనిగర్ మొలిచిన రెండు వారాల లోపు మొక్కలను చంపింది. ముదిరిన మొక్కలకు అంతకంటే గాఢమైనది కావలసి వచ్చింది. అంటే వెనిగర్ బలం ఎంతన్నది ఒక్కటే కాదు, కలుపు వయసు కూడా ముఖ్యమే. రెండు మూడు ఆకులున్నప్పుడు వంటింటి సీసా చాలు. మోకాలెత్తు పెరిగాక గాలన్లు పోసినా దండగే.

"అయితే 20 శాతం వెనిగర్ కొంటే సరిపోతుందిగా?" అని అడుగుతారు. తోట సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. కానీ గాఢత 11 శాతం దాటితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కంటి అద్దాలు, రబ్బరు చేతి తొడుగులు, కాళ్లు పూర్తిగా కప్పే బూట్లు లేకుండా ముట్టుకోకూడదు. సహజం అన్నంత మాత్రాన నిరపాయం కాదు. పసిపిల్లలున్న ఇంట్లో ఆ సీసా ఉండకపోవడమే మంచిది.

ఉప్పు ఎందుకు వద్దు?

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. పెరటి మట్టిలో ఉప్పు పోయకండి.

కప్పు ఉప్పు సుమారు 290 గ్రాములు. అందులో 110 గ్రాములకు పైగా సోడియమే. వెనిగర్ మట్టిలో కొద్ది రోజుల్లో విరిగిపోతుంది. సోడియం విరగదు, ఆవిరి కాదు. ఇక్కడి నేల చాలాచోట్ల బంకమట్టి. ఆ మట్టి రేణువులను కలిపి ఉంచేది కాల్షియం. సోడియం వచ్చి కాల్షియాన్ని నెట్టేస్తే రేణువులు విడిపోయి, తడిస్తే జిగురులా, ఎండితే పలకలా తయారవుతాయి. నీరు లోపలికి ఇంకదు, వేరుకు గాలి అందదు.

దీన్ని మన ఊళ్లలో చౌడు అంటారు. చౌడు నేలను బాగుచేయడానికి రైతులు జిప్సం వేసి, నీళ్లు పెట్టి, ఆ ఉప్పును కిందికి కడగడం మనలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ డబ్బు పోసి వదిలించుకునే జబ్బును ఇక్కడ మనమే కప్పులతో కొలిచి తెచ్చుకోవడం ఎందుకు? పైగా మన దగ్గర ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ దాకా వానే ఉండదు, ఆ ఉప్పును కడిగేవాళ్లు లేరు. వానాకాలంలో కడిగినా, వీధి కాలువలో పడ్డ నీరు శుద్ధి లేకుండా నేరుగా వాగుల్లోకి పోతుంది. ఎప్సమ్ సాల్ట్ కలపమనే చిట్కా కూడా ఉంది. అది కలుపును చంపదు, ఖర్చు దండగ.

నేను వాడే పాళ్లు

- 5 శాతం తెల్ల వెనిగర్: ఒక గాలన్, నీళ్లు కలపకుండా
- డిష్ సోప్: ఒక టేబుల్ స్పూను
- ఉప్పు: అసలు వద్దు

సబ్బు కలుపును చంపడానికి కాదు. మైనపు పూత ఉన్న ఆకు మీద వెనిగర్ జారిపోకుండా అంటుకోవడానికి. స్ప్రే సీసాలో పోసి, గాలి లేని ఎండ రోజున, ఆకు పూర్తిగా తడిసేలా కొట్టండి. వేడి 70 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే బాగా పనిచేస్తుంది. మర్నాడు వాన ఉంటే ఆగండి. పది రోజులకోసారి చూసి, చిగురిస్తే మళ్లీ కొట్టండి.

వెనిగర్‌కు కలుపేదో, కరివేపాకేదో తెలియదు. తుంపర పడితే రెండూ మాడతాయి. కూరమొక్కల పక్కన కొట్టేటప్పుడు ఒక అట్టముక్క అడ్డం పెట్టుకోండి. కాంక్రీటు, పేవర్ల మీద పదే పదే కొడితే యాసిడ్ వాటిని తినేస్తుంది. అక్కడ పగుళ్లలో మొలిచిన కలుపుకి మరిగే నీళ్లే మేలు. పొయ్యి మీంచి దించిన నీళ్లు, గంజి వార్చిన నీళ్లయినా సరే, వేడి తగ్గకముందే నేరుగా మొదట్లో పోయాలి. పిల్లలు లోపలున్నప్పుడే చేయండి.

బ్లీచ్, వెనిగర్ ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ప్రొపేన్ మంటతో కలుపు కాల్చే పరికరాల జోలికీ పోవద్దు. ఎండు గడ్డి, వేసవి గాలులు ఉన్న ఈ కొండల్లో ఒక్క నిప్పురవ్వ చాలు.

మొండి కలుపు మనకు పాత చుట్టమే

ఇక్కడి కలుపులో సగం మనకు పేరుతో సహా తెలిసినదే. పేరు తెలిస్తే వైద్యమూ తెలుస్తుంది.

గరిక: బెర్ముడా గ్రాస్ అంటే ఇదే. వినాయక చవితికి వెతుక్కుంటాం, మిగతా ఏడాదంతా తిట్టుకుంటాం. భూమి లోపల కాడలు పాకుతాయి, వాటిలో ప్రతి కణుపూ ఒక మొక్కే. వెనిగర్ దీన్ని గీరి వదిలేస్తుంది. ఎండాకాలంలో నీళ్లు ఆపేసి, తవ్వి, కాడలను ఎండలో పరిచి ఎండబెట్టడమే దారి. ముక్కలు మట్టిలో మిగలకుండా ఏరాలి.

తుంగ: ఇక్కడ పసుపు తుంగను నట్‌సెడ్జ్ అంటారు. మట్టిలో చిన్న గడ్డలు పెడుతుంది. అయిదారు ఆకులు రాకముందే పీకాలి. ఆలస్యమైతే కొత్త గడ్డలు పుడతాయి. వేసవిలో రెండు మూడు వారాలకోసారి పీకుతూ ఉంటే గడ్డ బలం తగ్గుతుంది.

పులిచింత: మూడు హృదయాకారపు ఆకులు, చిన్న పసుపు పూలు. కాయ పగిలితే గింజలు దూరంగా ఎగిరిపడతాయి. పూత దశలోనే తీసేయాలి.

పల్లేరు: సైకిల్ టైర్లకు, చిన్నపిల్లల పాదాలకు శత్రువు. ఏడాదిలో చచ్చే మొక్కే కాబట్టి కాయ పట్టకముందు మొదలు నరికితే చాలు.

గంగవాయిలి కూర, అంటే పావిలి కూర: దీన్ని చంపడం కంటే పప్పులో వేసుకోవడం నయం. కానీ జాగ్రత్త. ఇలాగే నేలను పరుచుకుని పెరిగే స్పర్జ్ అనే విష మొక్క ఉంది. కాడ తుంచితే పాలు కారితే అది కూర కాదు, వెంటనే పారేయండి. మందు కొట్టిన చోటు నుంచి దేన్నీ కోయకండి.

చంపడం కన్నా కప్పడం మేలు

సుభాష్ పాలేకర్ ప్రకృతి వ్యవసాయంతో మన రైతులకు బాగా పరిచయమైన మాట ఆచ్ఛాదన. నేలను ఖాళీగా ఉంచకు, కప్పి ఉంచు అని. వెలుతురు తగలని గింజ చాలావరకు మొలవదు. మూడు నాలుగు అంగుళాల మందాన చెక్కముక్కలు పరిస్తే వచ్చే ఏడాది పని బాగా తగ్గుతుంది, వేసవిలో నీళ్లూ మిగులుతాయి. కలుపు ఎక్కువగా ఉన్న చోట ముందు టేపులు తీసేసిన అట్టపెట్టెలు పరిచి, తడిపి, పైన చెక్కముక్కలు వేయండి. మొక్కల మొదళ్లకు ఆనించకండి. ఇంటి గోడ నుంచి అయిదడుగుల మేర మాత్రం చెక్కముక్కలు వద్దు, మంటల ముప్పు. అక్కడ గులకరాళ్లు వేయండి.

కొత్త మడి చేయాలనుకుంటే ఎండనే మందుగా వాడండి. జూన్ నుంచి ఆగస్టు మధ్య నేల చదును చేసి, బాగా తడిపి, పలుచని పారదర్శక ప్లాస్టిక్ పరిచి, అంచులు మట్టిలో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. లోపలి వేడికి పైపొరలోని గింజలు చాలావరకు చచ్చిపోతాయి. లోతున దాగిన గరిక కాడలు, తుంగ గడ్డలు మాత్రం దీనికి పూర్తిగా లొంగవు.

ఏ నెలలో ఏం చేయాలి?

- నవంబర్, డిసెంబర్: మొదటి మొలకలను దోకుడు పారతో పైపైన గీకేయండి. వెచ్చని మధ్యాహ్నం దొరికితే వెనిగర్ కొట్టండి.
- జనవరి, ఫిబ్రవరి: చలికి వెనిగర్ సరిగా పనిచేయదు. నేల తడిగా ఉంటుంది కాబట్టి వేరుతో సహా పీకడానికి ఇదే మంచి సమయం.
- మార్చి, ఏప్రిల్: ఏ కలుపూ గింజ కట్టనివ్వకండి. చెక్కముక్కలు పరచండి.
- మే నుంచి సెప్టెంబర్: డ్రిప్‌తో మొక్కకే నీళ్లివ్వండి, ఖాళీ నేలను తడపకండి. గరిక, తుంగల పని పట్టేది ఇప్పుడే.
- అక్టోబర్: వానకు ముందు ఖాళీ మడులన్నీ కప్పేయండి.

ఏ కలుపో గుర్తుపట్టలేకపోతే ఫొటో తీసి కాంట్రా కోస్టా కౌంటీ మాస్టర్ గార్డెనర్స్‌ను అడగండి. కాలిఫోర్నియా యూనివర్సిటీ కింద పనిచేసే వలంటీర్లు, ఉచితంగా సలహా ఇస్తారు. ఈసారి గ్రూపులో ఆ చిట్కా వస్తే మీరూ ముందుకు పంపండి. పంపేముందు ఉప్పు అన్న మాట ఒక్కటి కొట్టేసి, "మొలక దశలోనే కొట్టండి" అని చేర్చండి.