అవటు గ్రంథి పరీక్షల కథ

నెల్లూరు జిల్లాలో ఇస్కపల్లి మొదలగు తీరగ్రామములలో ఉప్పు మడులు కలవు. "సముద్రపు ఉప్పు తినువారికి అయొడిన్ లోపమెక్కడిది? థైరాయిడ్ జబ్బు కొండప్రాంతముల వారిది గదా!" అని మన వైపు చదువుకొన్నవారు కూడ అనుచుందురు. ఆ నమ్మకముతో నీరసము, లావెక్కుట, చలికి ఓర్వలేకపోవుట వంటి లక్షణములున్నను పరీక్ష చేయించుకొనక కాలము గడుపువారు కలరు. ఇందు నిజమెంతయో చూతము.

మొదట చిన్న లెక్క. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములు, 60 మైక్రోగ్రాముల అయొడిన్ ఉండును. ఆ అయొడిన్ అంతయు ఉప్పులోనే నిలిచినదనుకొన్నను 10 గ్రాముల ఉప్పులో వచ్చునది 17 మైక్రోగ్రాములే. పెద్దవారికి రోజుకు కావలసినది 150. నిజమునకు ఆ కొంచెము కూడ దక్కదు; ఉప్పు గట్టిపడునపుడు అయొడిన్ చాలవరకు మిగిలిన చేదునీటిలోనే ఉండిపోవును. అయొడిన్ కలపని ఉప్పును తినుటకు అమ్మరాదని 2006లో దేశమంతట నిషేధించుటకు అయొడిన్ లోపమే కారణము.

అయొడిన్ ఉప్పు విలువను మన దేశమున నిరూపించినవారిలో ముఖ్యులు తెలుగువారే. 1921లో శ్రీకాకుళమున జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు సహచరులతో 1956లో హిమాలయముల దిగువనున్న కాంగ్రా లోయలో పరిశోధన ప్రారంభించిరి. లోయను మూడు భాగములుచేసి, రెండింటికి అయొడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇప్పించిరి. 1962 నాటికి మొదటి రెండింట పాఠశాల పిల్లల గొంతువాపు సుమారు సగమునకు తగ్గినది, మూడవదానిలో తగ్గలేదు.

గొంతువాపును వైద్యులు చేతితో తడిమి గుర్తింతురు. జనసమూహమును లెక్కించుటకు ఆ పద్ధతి చాలును. ఒక్క మనిషి జబ్బును తేల్చుటకు చాలదు. వాపు లేకయే గ్రంథి మందగించవచ్చును. వాపున్నను దాని పని సక్రమముగా సాగవచ్చును.

మరి గ్రంథి పనిని కొలుచుట ఎట్లు? జబ్బు గలవారి ఆక్సిజన్ వినియోగములో మార్పు కలదని 1895లో మాగ్నస్ లెవీ చూపెను. కాని జ్వరము, భయము కూడ ఆ కొలతను మార్చును. 1914 డిసెంబరు 25న కెండాల్ థైరాక్సిన్ అను హార్మోనును స్ఫటికములుగా వేరుచేసెను. రక్తములో అది అత్యల్పము. అట్టి అల్పపదార్థములను రేడియోధార్మికతతో కొలుచు పద్ధతిని 1950లలో రోసలిన్ యాలో, బెర్సన్ అనువారు రూపొందించిరి. యాలోకు 1977లో నోబెల్ బహుమతి లభించినది. ఆ మార్గముననే టి.ఎస్.హెచ్. పరీక్ష వచ్చినది. ఎద్దు మందగించిన కొలది ములుకోల పోటు హెచ్చినట్లు, అవటు గ్రంథి మందగించిన కొలది మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్.ను హెచ్చుగా పంపును.

ఇక జబ్బునకు అయొడిన్ లోపమొక్కటే కారణము కాదు. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన వ్యాధిలో శరీరరక్షణ వ్యవస్థయే గ్రంథిపై దాడిచేయునని 1956లో లండనులో తేలినది. దీనికి సముద్రతీరమని, కొండ అని భేదము లేదు. ఉప్పు మార్చిన మాత్రమున ఇది కుదరదు.

కావున అనుమానము కలిగినచో మొదట టి.ఎస్.హెచ్. చూపించుకొనవలెను. అది స్వల్పముగా హెచ్చినచో కొన్ని వారములకు మరల చూడవలెను. దానితోపాటు థైరాక్సిన్, ప్రతిరక్షకముల పరీక్షలు అవసరమా అని వైద్యుని అడుగవలెను. మెడలో గడ్డ తగిలినచో రక్తపరీక్ష బాగున్నను అల్ట్రాసౌండు పరీక్ష చేయించవలెను. ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క ప్రశ్నకే జవాబు చెప్పును. ఉపాధ్యాయులు పై ఉప్పు లెక్కను తరగతిలో చేయించినచో, ఆ విషయము పిల్లల ద్వారా ఇంటింటికి చేరగలదు.