పిళ్ళైచావడి: చదువుల ఊరు, కోతకు గురవుతున్న తీరం

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన సుమారు పది కిలోమీటర్ల దూరంలో, ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంట ఉన్న మత్స్యకార గ్రామం పిళ్ళైచావడి. చావడి అన్న మాట తెలుగువారికి కొత్త కాదు. బాటసారులు ఆగేందుకు, ఊరివారు కూడేందుకు ఉద్దేశించిన కట్టడాన్ని తమిళంలోనూ దాదాపు ఇదే మాటతో పిలుస్తారు. పట్టణం నుంచి ఇక్కడికి రావాలంటే కొట్టకుప్పం, బొమ్మయార్‌పాళయం మీదుగా తమిళనాడు భూభాగాన్ని దాటాలి. ఫ్రెంచి పాలన మిగిల్చిన చెల్లాచెదురు సరిహద్దులు నేటికీ అలాగే ఉన్నాయి.

ఈ ప్రాంతపు స్వరూపాన్ని మార్చినవి రెండు విద్యాసంస్థలు. 1984లో పిళ్ళైచావడిలో పుదుచ్చేరి ఇంజినీరింగ్ కళాశాల ఏర్పడింది. అది 2020లో పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయంగా మారింది. పార్లమెంటు చట్టంతో 1985లో ఆవిర్భవించిన పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న కాలాపేటలో దాదాపు 800 ఎకరాలలో విస్తరించింది. దాని గ్రంథాలయానికి డూప్లే దుబాసీగా ప్రసిద్ధుడైన ఆనందరంగ పిళ్ళై పేరు పెట్టారు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ను అంకితమిచ్చింది ఆయనకే.

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాలలో కళాశాల పట్టణాలు వేరొక తీరున ఎదిగాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం 1837లో డెట్రాయిట్ నుంచి ఆన్ ఆర్బర్‌కు తరలింది. అప్పటికి ఆ ఊరు పుట్టి పదిహేనేళ్లు కూడా కాలేదు. పట్టణం, విద్యాలయం కలిసి పెరిగాయి. పిళ్ళైచావడిలో అలా జరగలేదు. వలలు, పడవలే జీవనాధారమైన పాత ఊరి పక్కన ప్రాంగణాలు వెలిశాయి. విద్యార్థులు అద్దెకుండే గదులు, మెస్‌లు, దుకాణాలు రోడ్డు వెంట పెరిగాయి గాని, పడవ మీద బతికే కుటుంబానికి వాటి వల్ల కలిగే లాభం పరిమితమే.

తెలుగువారికి ఈ ఊరితో సంబంధం ప్రధానంగా యానాం ద్వారా ఏర్పడింది. కాకినాడకు చేరువలో, 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. సెంటాక్ ప్రవేశాలలో యానాం విద్యార్థులకు ప్రాంతీయ కోటా ఉన్నందున ఏటా కొందరు ఇంజినీరింగ్ చదువుకు ఇక్కడికి వస్తారు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులూ ఉంటారు. రాకపోకలకు కాకినాడ–పుదుచ్చేరి సర్కార్ ఎక్స్‌ప్రెస్, చెన్నై బస్సులు ఆధారం. చెన్నై నుంచి తీరం వెంట రైలు మార్గం మాత్రం చిరకాలంగా ప్రతిపాదనగానే ఉంది.

వైద్యానికి కొరత లేదు. కాలాపేటలో ఒక వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. గోరిమేడులోని జిప్‌మర్ కూడా అందుబాటు దూరమే. తాగునీరు, అద్దెలు, వాహనాల రద్దీ వంటివి తీరప్రాంత పట్టణాలన్నిటా కనిపించే ఇబ్బందులే.

అసలు చిక్కు సముద్రంతో వచ్చింది. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. ఆ పరిమాణం ఏటా లక్షల ఘనపు మీటర్లు. 1980ల చివరలో పుదుచ్చేరి ఓడరేవు ముఖద్వారం వద్ద అలలను ఆపేందుకు రాతి అడ్డుగోడలు కట్టారు. వాటి దక్షిణాన ఇసుక మేట వేసింది. ఉత్తరాన తీరం తరగసాగింది. పట్టణాన్ని కాపాడేందుకు బండరాళ్లు పేర్చగా, కోత వాటిని దాటి ఉత్తరానికి జరిగింది. తమిళనాడు గ్రామాల తర్వాత పిళ్ళైచావడి వంతు వచ్చింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ తీరాన్ని తాకింది. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను వేళ పిళ్ళైచావడిలో ఇళ్లు సముద్రంలోకి కూలాయి. 2024 నవంబరు 30న తీరం దాటిన ఫెంగల్ తుపాను పుదుచ్చేరిలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిపించింది.

2018లో పుదుచ్చేరి ప్రొమెనేడ్ ఎదుట సముద్రంలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉక్కు దిబ్బను దించాక అక్కడ ఇసుక తిరిగి చేరింది. ఉత్తర గ్రామాలకు ఆ ఊరట లేదు. ఒక ప్రభుత్వం తన హద్దులో రాళ్లు వేస్తే ఆ కోత పొరుగు ప్రభుత్వపు గ్రామానికి చేరుతుంది కనుక, పుదుచ్చేరి, తమిళనాడు ఉమ్మడిగా ఆలోచించక తప్పదు. రాళ్లు వేసినచోట ఇళ్లు కొంతకాలం నిలుస్తాయి. అయితే పడవను ఒడ్డుకు లాగేందుకు, వల ఆరబెట్టేందుకు ఇసుక నేల మిగలదు. అలాంటి చోట జాలర్లు పడవలను దూరంగా వేరే తీరంలో నిలుపుకోవలసి వస్తుంది.