కూర్పు విద్య: బొమ్మబండి పాఠం, వెస్ట్ బే చరిత్ర

ఖతర్ రాజధాని దోహా పాతనగరానికి ఉత్తరాన, సముద్రాన్ని పూడ్చి తీసిన నేల మీద నిలిచిన వెస్ట్ బే గురించి రాసేవారు సాధారణంగా చమురు, సహజవాయువుల రాబడి గురించి, పేరుపొందిన వాస్తుశిల్పుల గురించి రాస్తారు. డబ్బుకూ ఊహకూ నడుమ నిలబడి, ఊహకు కొలతలు వేసి, పనివాడి చేతికి అందే కాగితంగా మార్చిన డ్రాఫ్ట్స్‌మన్ ఆ కథలో దాదాపుగా కనిపించడు. వెస్ట్ బే ఎదిగిన కాలంలోనే అతని వృత్తి గీతలు గీసే పని నుంచి భాగాలను తయారుచేసి ఒకదానితో ఒకటి కూర్చే పనిగా మారింది. ఆ మార్పు ఎంత లోతైనదో గ్రహించడానికి, కంప్యూటర్ మీద డిజైను నేర్చుకునేవారికి తొలి పాఠాలలో తరచుగా ఇచ్చే బొమ్మబండి అభ్యాసాన్ని పరిశీలించడం మేలు. ఎందుకంటే ఆకాశహర్మ్యాల నమూనాలను నడిపించే సూత్రాలలో ముఖ్యమైనవన్నీ ఆ నాలుగు చక్రాల బండిలోనే ఉన్నాయి.

ఖతర్ తీరం ముత్యాల వేట మీద బతికిన కాలం, జపాను సాగు ముత్యాలు 1930ల నాటికి మార్కెట్టును ఆక్రమించడంతో ముగిసింది. దుఖాన్ వద్ద చమురు బయటపడినా, రెండో ప్రపంచయుద్ధం వల్ల పనులు ఆగి, 1949 చివరిలో గానీ ఎగుమతి మొదలుకాలేదు. 1971లో దేశం స్వతంత్రమైన వెంటనే రాజధానికి ప్రణాళిక కావలసివచ్చింది. బ్రిటిష్ సంస్థ లెవెలిన్ డేవిస్ 1972లో నగరానికి ప్రణాళిక ఇవ్వగా, సముద్రం పూడ్చి కొత్తగా తీసే ప్రాంతానికి అమెరికన్ వాస్తుశిల్పి విలియం పెరీరా సంస్థ 1970ల మధ్యలో రూపకల్పన చేసింది. ఆ ప్రణాళిక ఫలితంగా 1982లో షెరటన్ హోటల్ పిరమిడ్ ఆకారంలో తెరుచుకుంది. తరువాత చమురు ధరలు పడిపోవడంతో చుట్టుపక్కల లేవవలసిన కట్టడాలు లేవలేదు. దాదాపు రెండు దశాబ్దాల పాటు ఆ హోటల్ ఖాళీ నేల మధ్య ఇంచుమించు ఒంటరిగానే నిలిచింది.

షెరటన్ కాలపు డ్రాఫ్ట్స్‌మన్ పరికరాలను మన ఐటీఐలలో ఆ ట్రేడు చదివినవారు ఇప్పటికీ గుర్తుపడతారు: డ్రాయింగ్ బోర్డు, టీ స్క్వేర్, ట్రేసింగ్ పేపర్, ఒక్కొక్క మందానికి ఒక్కొక్క ఇంకు పెన్ను, తప్పును గీకి తీసే బ్లేడు, అమ్మోనియా వాసన వేసే ప్రింటు. భారతదేశంలో 1950లో మొదలైన చేతిపనివారి శిక్షణ పథకం కింద సివిల్, మెకానికల్ అని రెండు శాఖలుగా నడిచిన ఈ ట్రేడు, పదో తరగతి దాటిన కుర్రవాడికి గౌరవప్రదమైన జీవనోపాధి చూపింది. అందులో నేర్పే మూల విద్య ప్రొజెక్షన్, అంటే ఒకే వస్తువును పైనుంచి చూసిన రూపాన్ని ప్లానుగా, ఎదుటి నుంచి చూసిన రూపాన్ని ఎలివేషన్‌గా, నిలువునా కోసి చూపిన రూపాన్ని సెక్షన్‌గా వేరువేరుగా గీయడం. ఇది అసాధారణమైన మానసిక సాధన. మూడు బల్లపరుపు చిత్రాల నుంచి ఒక ఘనరూపాన్ని మనసులో నిలుపుకోగలగాలి. అయితే ఆ పద్ధతిలో ఒక లోపం మొదటినుంచీ ఉంది. ఒక కాగితంలో జరిగిన మార్పు మరో కాగితానికి తెలియదు. ప్లానులో కిటికీ జరిగితే ఎలివేషన్‌లో దానిని జరపవలసినవాడు మనిషే, అతను మరిచిపోతే ఆ తప్పు కాంక్రీటు పోసిన తరువాత గానీ బయటపడదు.

ఈ లోపానికి జవాబు వెస్ట్ బే పూడిక కన్నా ముందే దొరికింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇవాన్ సదర్లాండ్ 1963లో సమర్పించిన స్కెచ్‌ప్యాడ్ అనే పరిశోధన, తెర మీద వెలుగు కలంతో గీతలు గీయడానికి దారి చూపిన కృతిగా ప్రసిద్ధి చెందింది గానీ, దానిలోని అసలు సంపద వేరే రెండు ఆలోచనలలో ఉంది. మొదటిది నిబంధన: ఈ రెండు గీతలు ఎప్పుడూ సమాంతరంగా ఉండాలి, ఈ రెండు అంచులు ఎప్పుడూ సమానంగా ఉండాలి అని యంత్రానికి చెబితే, బొమ్మను ఎలా కదిపినా ఆ సంబంధాన్ని అది కాపాడుతుంది. రెండోది మూలం, ప్రతి అనే విభజన: ఒక మూల రూపాన్ని గీసి దాని ప్రతులను ఎన్ని చోట్లనైనా నిలిపితే, మూలాన్ని మార్చిన మరుక్షణం ప్రతులన్నీ మారతాయి. 1982 చివరిలో వ్యక్తిగత కంప్యూటర్ల మీదికి వచ్చిన ఆటోకాడ్ లోకమంతటా డ్రాయింగ్ బోర్డులను ఖాళీ చేయించినా, తొలి రోజులలో అది ప్రధానంగా వేగవంతమైన కాగితమే. నిబంధనల ఆలోచన ఘనరూపాలలో పూర్తిగా పండింది 1980ల చివరిలో వచ్చిన ప్రో ఇంజనీర్‌తోనూ, దానిని సాధారణ కార్యాలయానికి అందుబాటులోకి తెచ్చిన 1995 నాటి సాలిడ్‌వర్క్స్‌తోనూ. ఇలా నిబంధనలతో నడిచే పద్ధతిని పారామెట్రిక్ పద్ధతి అంటారు. అంటే కొలతలు చిత్రం పక్కన రాసిన అంకెలుగా మిగిలిపోకుండా, ఆకారాన్ని నడిపే పగ్గాలుగా మారతాయి.

బొమ్మబండి అభ్యాసం విలువ ఇక్కడే తెలుస్తుంది. విద్యార్థి మొదట ఒక దీర్ఘచతురస్రం గీసి, దానికి మందం ఇచ్చి, అంటే వాడుకలో ఎక్స్‌ట్రూడ్ చేసి, బండికి అడుగుచెక్క తయారుచేస్తాడు. దానిలో అడ్డంగా రెండు రంధ్రాలు తొలుస్తాడు. ఇరుసును మరో ఫైలులో, చక్రాన్ని ఇంకో ఫైలులో రూపొందిస్తాడు. చక్రం ఒక్కటే తయారవుతుంది, అసెంబ్లీలోకి, అంటే భాగాలను కూర్చే ఫైలులోకి, అది నాలుగుసార్లు వస్తుంది. సదర్లాండ్ చెప్పిన మూలం, ప్రతి అంటే ఇదే. అడుగుచెక్కను ముందుగా స్థిరపరుస్తారు, ఎందుకంటే కదలని భాగం ఒక్కటైనా లేకపోతే మిగిలినవాటి స్థానానికి అర్థం ఉండదు. అప్పుడు తెర మీద గాలిలో తేలుతున్న చక్రానికి ఆరు స్వేచ్ఛలు ఉంటాయి: మూడు దిశలలో జరగగలదు, మూడు అక్షాల చుట్టూ తిరగగలదు. చక్రం రంధ్రమూ ఇరుసూ ఒకే అక్షం మీద ఉండాలని నిబంధన పెడితే, దానినే వృత్తిలో మేట్ అంటారు, నాలుగు స్వేచ్ఛలు పోయి రెండు మిగులుతాయి. ఇరుసు పొడవునా జారడం ఒకటి, ఇరుసు చుట్టూ తిరగడం మరొకటి. చక్రం లోపలి ముఖానికీ చెక్క పక్కకూ మధ్య దూరం నిర్ణయిస్తే జారడం కూడా ఆగిపోయి, తిరగడం ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్క స్వేచ్ఛే బండిని బండిగా చేస్తుంది. ఏది బిగించాలో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, ఏది బిగించకుండా వదలాలో తెలుసుకోవడం అంతే ముఖ్యమని ఇంత స్పష్టంగా నేర్పే పాఠం ఇంజనీరింగ్ విద్యలో మరొకటి లేదనవచ్చు.

ఈ పాఠంలో తెర మోసం చేసే చోటు కూడా ఒకటి ఉంది. ఆరు మిల్లీమీటర్ల ఇరుసు ఆరు మిల్లీమీటర్ల రంధ్రంలో కంప్యూటర్ మీద చక్కగా కూర్చుంటుంది. చెక్కలో మాత్రం అది ఎక్కదు, లేదా ఎక్కితే కదలదు. ఇరుసు చక్రంలో బిగుతుగా, అడుగుచెక్కలో వదులుగా ఉండాలి, లేదా దానికి తలకిందులుగా ఉండాలి. రెండు చోట్లా బిగుతైతే బండి నడవదు, రెండు చోట్లా వదులైతే చక్రాలు ఊడిపోతాయి. ఈ విచక్షణ సాఫ్ట్‌వేర్‌లోంచి రాదు, చేతిపని నుంచే వస్తుంది. సింధులోయలోని హరప్పా, చన్హుదారో వంటి చోట్ల తవ్వకాలలో దొరికిన మట్టి బండ్లలో చట్రం వేరు, చక్రం వేరు. వాటిని కలిపిన పుల్ల ఇరుసులు కాలంలో కరిగిపోయినా, వాటికోసం వదిలిన రంధ్రాలు నిలిచే ఉన్నాయి. కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రను మెల్లగా వేడిచేసి తేమ తీసి, బొమ్మ అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండినీ రంపపు పొట్టునూ కలిపిన మక్కుతో అతికి, ఎడ్లబండి మొదలు అంబారీ ఏనుగు దాకా నిలబెట్టారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పి లక్క పూసేవారు చక్రాల బొమ్మలకు కావలసిన గుండ్రదనాన్ని చేతి స్పర్శతోనే సాధించారు. భాగంగా చేయి, కొలత చూడు, కూర్చు అనే క్రమం తెలుగునేల మీద కంప్యూటర్‌తో వచ్చినది కాదు. ఈ వృత్తులను హస్తకళల దుకాణానికే పరిమితం చేసి, డిజైన్ విద్య చరిత్రలో చోటివ్వకపోవడం న్యాయం కాదు.

వెస్ట్ బే రెండో ఎదుగుదల 1990ల చివరిలో ద్రవీకృత సహజవాయువు ఎగుమతి మొదలైన తరువాతిది. 2001లో సిటీ సెంటర్ మాల్ తెరుచుకుంది. తరువాతి పదేళ్లలో గోపురాలు గుంపుగా లేచాయి. 2008లో పూర్తయిన టోర్నడో టవర్ 195 మీటర్ల ఎత్తున నడుము సన్నగా, అడుగూ శిరసూ వెడల్పుగా ఉంటుంది. అంతస్తు అంతస్తుకూ చుట్టుకొలత మారే ఇటువంటి కట్టడానికి ఒక ప్లాను గీసి నకళ్లు తీసే పాత పద్ధతి చాలదు. జాన్ నువెల్ రూపొందించి 2012లో పూర్తయిన దోహా టవర్ 238 మీటర్ల స్తూపం. ఏటవాలుగా ఒకదానినొకటి దాటుకునే కాంక్రీటు స్తంభాలు దానిని మోస్తాయి. దాని పైతొడుగు అరబ్బు ఇళ్ల జాలీ కిటికీ మష్రబీయాకు అల్యూమినియం రూపం. ఒకే ఆకృతి నాలుగు వేరువేరు పరిమాణాలలో పొరలు పొరలుగా పరుచుకుని, ఎండ తక్కువ తగిలే ఉత్తరాన పలచగా, తూర్పు పడమరలలో దట్టంగా సూర్యుడిని ఆపుతుంది. మూలం ఒకటి, ప్రతులు అనేకం అనే సూత్రం ఇక్కడ ఎండకు నీడపట్టే ఉపాయమైంది.

భవనాలకు కూర్పు విద్యను తెచ్చిన సాఫ్ట్‌వేర్‌లలో 2000లో విడుదలై, 2002లో ఆటోడెస్క్ చేతికి వచ్చిన రెవిట్ ముఖ్యమైనది. దీనితో బలపడిన పద్ధతిని బిమ్ అంటారు. భవనాన్ని గీతల సముదాయంగా కాక గోడ, దూలం, పైపు, తలుపు అనే గుర్తింపు గల భాగాల కూర్పుగా నిర్మించి, ఆ ఒక్క నమూనా నుంచే ప్లానునూ సెక్షన్‌నూ తీసే విధానం ఇది. కాగితం కాలపు డ్రాఫ్ట్స్‌మన్ మనసులో మోసిన ఘనరూపం ఇప్పుడు అందరి ముందుకూ వచ్చింది. బొమ్మబండిలో ఇరుసు చెక్కలోకి చొచ్చుకుపోయిందేమో చూసే పరీక్షే ఇక్కడ క్లాష్ పరీక్ష. దూలం ఉన్న చోటునే గాలిగొట్టం పోవడం వంటి ఢీకొనడాలను కట్టకముందే పట్టుకుంటుంది. వేసవి భరించరానిదైన ఆ ప్రాంతంలో చాలా గోపురాలకు ఖతర్ కూల్ సంస్థ కేంద్రాల నుంచి చల్లటి నీరు నేలకింది పైపులలో వస్తుంది కాబట్టి, పైపుల దారి అక్కడ అప్రధానమైన విషయం ఎంతమాత్రం కాదు.

ఈ పనిలో తెలుగువారి పాత్ర గురించి రాయవలసినంత ఎవరూ రాయలేదు. గల్ఫ్ వలస అనగానే కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల కూలీల కష్టమే గుర్తుకువస్తుంది, అది గుర్తుకు రావలసిందే. కానీ ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి, హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో ఆటోకాడ్, రెవిట్ నేర్చుకుని వెళ్లిన డ్రాఫ్ట్స్‌మన్లు, మోడలర్లు కూడా ఆ వలసలో భాగమే. వారి చేతి నుంచి వెళ్లేది షాప్ డ్రాయింగ్, అంటే వాస్తుశిల్పి ఉద్దేశాన్ని బోల్టు, రంధ్రం, వెల్డింగ్ స్థాయికి దించి కర్మాగారానికి పంపే చిత్రం. దాని మీద చిన్న అక్షరాలలో గీసినవారి పొడి అక్షరాలు, పరిశీలించినవారి పొడి అక్షరాలు ఉంటాయి. గోపురం ముందు నిలిపే ఫలకం మీద పేరుండేది మాత్రం వాస్తుశిల్పిదీ, యజమానిదీ. ఏ నగర చరిత్రకైనా ఆ పొడి అక్షరాలను విప్పి చదవడం అవసరం, ఎందుకంటే కట్టడం అసలు కొలతలు ఆ గీసినవారి నిర్ణయాలలోనే ఉన్నాయి.

కూర్పు సూత్రం గోపురాలతో ఆగలేదు. 2019 మే 8న దోహా మెట్రో ఎరుపు మార్గం తొలి భాగం తెరుచుకుని, వెస్ట్ బే నేలకింది స్టేషన్‌కు రైళ్లు రాసాగాయి. జపాన్‌కు చెందిన కింకీ షార్యో తయారుచేసిన ఆ రైళ్లు డ్రైవరు లేకుండా నడుస్తాయి. ప్లాట్‌ఫారం అంచున ఉన్న అద్దపు తలుపులకూ రైలు తలుపులకూ మధ్య పొంతన కుదరాలి. పెట్టెకూ సొరంగపు గోడకూ మధ్య ఖాళీ వంపుల దగ్గర కూడా చాలాలి. ఒక దేశంలో తయారైన వాహనం, మరో దేశంలో పోసిన కాంక్రీటు తొలిసారి కలిసినప్పుడే సరిపోవాలంటే, రెండింటినీ ముందుగా ఒకే కొలతల మూలానికి కట్టి, ఏది స్థిరమో ఏది కదిలేదో తేల్చి, మధ్య వదలవలసిన సందును మిల్లీమీటర్లలో ఒప్పుకుని ఉండాలి.