గంజిలో చీనామట్టి: లాంకషైర్ నేతశాలల పాఠం

మగ్గంపై రాపిడికి పడుగు పోగులు తెగకుండా, నూగు లేవకుండా వాటికి గంజి పట్టించడం నేతవృత్తి ఉన్న చాలాచోట్ల ఉన్న పనే. ఇంగ్లండులోని లాంకషైర్ నేతశాలల్లో ఇందుకు గోధుమపిండిని పులియబెట్టి ఉడికించి, పోగు మెత్తగా ఉండేందుకు పశువుల కొవ్వు కలిపేవారు. క్రిమియా యుద్ధకాలంలో (1853–56) కొవ్వు ప్రియం కావడంతో, కార్న్‌వాల్ గనుల్లో దొరికే చీనామట్టిని, అంటే సన్నని పలకల వంటి రేణువులుండే తెల్లని కేయొలిన్‌ను, కొంతమేర దానికి బదులుగా వాడసాగారు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోగా, సూరత్ పేరుతో భారతదేశం నుంచి వెళ్లిన పొట్టిపింజ పత్తే ప్రధాన ఆధారమైంది. ఆ నూలు తరచు తెగేది కనుక గంజి మందం పెరిగింది, దానితోపాటే మట్టి పాలూ పెరిగింది.

మట్టి రేణువులు గంజిపొరలో నిండి బట్టకు ఒత్తునూ బరువునూ ఇస్తాయి గాని, అవి మితిమీరితే పిండి జిగురుకు పట్టు తగ్గి, పొర పెళుసై పొడిగా రాలుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి గాలిలోని తేమను పీల్చే మెగ్నీషియం క్లోరైడును, ఆ తేమకు బూజు పట్టకుండా జింక్ క్లోరైడును కలిపారు. చివరికి గంజి బరువు పడుగు నూలు బరువుతో సమానమై, ఒక్కొక్కప్పుడు దానినీ మించింది. భారత, చైనా విపణులకు వెళ్లిన ఇటువంటి బట్టను ఉతికితే గంజీ మట్టీ నీటిలో కలిసిపోయి, పలుచని నేత మిగిలేది.

కార్మికులు చెల్లించిన మూల్యం ఇంకా పెద్దది. పోగులు ఎండి తెగకుండా నేతశాలల్లోకి ఆవిరి వదిలేవారు; ఆ ఉక్కలో, మట్టి ధూళిలో వారు పనిచేయవలసి వచ్చేది. టాడ్‌మార్డెన్ నేతశాలల్లోని ఈ స్థితిపై 1872లో డాక్టర్ జార్జ్ బుకానన్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చినా, తేమకు చట్టపరమైన పరిమితి 1889లో గాని రాలేదు.

పిండిపదార్థంతో చేసే నేటి జీవప్లాస్టిక్కుల్లోనూ పిండికీ మట్టికీ మధ్యనున్న ఇదే సంబంధం పనిచేస్తోంది. గ్లిజరాల్‌తో మెత్తబరచిన పిండిలో బంకమట్టి ఖనిజాలు కొద్దిపాళ్లలో సమంగా పరుచుకుంటే, వాటి పలకలు నీటి ఆవిరి దారిని చుట్టు తిప్పి, పొరకు బిగువునిస్తాయి. మోతాదు మించితే రేణువులు ముద్దకట్టి, పొర అక్కడే చిట్లుతుంది. ఖనిజాన్ని పటుత్వం కోసం కాక చౌక బరువు కోసం కలిపితే కొన్నవారూ పనివారూ ఇద్దరూ నష్టపోతారని లాంకషైర్ చరిత్ర నిరూపించింది. కొత్త పదార్థాలను రూపొందించేవారు ఆ అనుభవాన్ని విస్మరించరాదు.